రెండు ప్రాసెసర్ల పాత లినక్స్ మెషీన్‌లో రెయిడ్ ఎందుకు నెమ్మదిస్తుంది, ఎక్కడ సరిచేయాలి

ప్రశ్న: 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3 ప్రాసెసర్లు రెండున్న పాత మెషీన్‌ను మళ్లీ నిలబెడుతున్నాను. వయా చిప్‌సెట్ బోర్డు, 1 జీబీ మెమరీ. పీసీఐ స్లాట్‌లో నాలుగు పోర్టుల సాటా కార్డు పెట్టి, 500 జీబీ డిస్కులు నాలుగు తగిలించి సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి) కట్టాను. పక్క స్లాట్‌లో గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు ఉంది. అరే (ఈ నాలుగు డిస్కుల సముదాయం) మొదటిసారి సింక్ కావడానికి ఏడు గంటలు పట్టింది. నెట్‌వర్క్ మీద నుంచి రాస్తే సెకనుకు 15 ఎంబీ దాటడం లేదు. రెండో ప్రాసెసర్ ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటోంది. పైగా రెండు మూడు రోజులకోసారి మెషీన్ బిగుసుకుపోతోంది. ఫొటోలు, మెయిల్ దాచుకోవడానికి, నా కోడ్ కంపైల్ చేసుకోవడానికి వాడదామని. ఏం మార్చాలి?

సమాధానం:

మీరు చివర్లో చెప్పిన సమస్యను నేను ముందు పట్టుకుంటాను. బిగుసుకుపోయే మెషీన్‌కు వేగం పెంచే పని పెట్టుకోకండి. డిస్కు పోతే రెయిడ్ కాపాడుతుంది. మెమరీలో ఒక బిట్ తప్పితే మాత్రం ఆ తప్పునే తీసుకెళ్లి అన్ని డిస్కుల మీదా రాసేస్తుంది. ఇది నాకు అనుభవమే. చాలా ఏళ్ల కింద ఇలాంటి మెషీన్‌లోనే నా ఫొటోల్లో కొన్ని సగం బూడిదరంగులో తెరుచుకోవడం మొదలైంది. మిర్రర్‌లో రెండో కాపీ ఉందిగా అని ధైర్యంగా చూశాను. రెండు కాపీలూ ఒకేలా పాడయ్యాయి. కారణం ఒక మెమరీ మాడ్యూల్ అని తేలడానికి మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి మెమరీ పరీక్ష పూర్తికాని మెషీన్‌కు నేను డిస్కులే తగిలించను.

కాబట్టి డిస్కులన్నీ తీసి పక్కన పెట్టి, మెమ్‌టెస్ట్86 ప్లస్ ఒక రాత్రంతా నడపండి. ఒక్క తప్పు కనబడినా ఆ మాడ్యూల్ వద్దు. తర్వాత మూత తీసి, ప్రాసెసర్ సాకెట్ల చుట్టూ ఉన్న కెపాసిటర్లను టార్చి వేసి చూడండి. 2000 ప్రాంతంలో తయారైన బోర్డుల్లో నాసిరకం ఎలక్ట్రోలైట్ ఉన్న కెపాసిటర్లు విపరీతంగా వచ్చాయి. పైభాగం కొంచెం ఉబ్బినా, అడుగున గోధుమరంగు మరక ఉన్నా అవి అయిపోయినట్టే. బోర్డు మార్చక్కర్లేదు, అదే విలువ, అదే వోల్టేజి ఉన్న తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) రకం కొత్తవి వేస్తే మళ్లీ ఏళ్ల తరబడి నడుస్తుంది. టంకం పని మీకు అలవాటు లేకపోతే అలవాటున్న వాళ్లకే ఇవ్వండి. ఈ బోర్డుల్లో పొరలు ఎక్కువ, గ్రౌండ్ పొర వేడిని లాగేసుకుంటుంది. చిన్న టంకం పెన్‌తో బలవంతంగా లాగితే రంధ్రంలోని రాగి గొట్టం ఊడొస్తుంది.

పవర్ సప్లై సంగతి చాలామంది పట్టించుకోరు. పెంటియం 3 కాలపు బోర్డుల్లో చాలావరకు ప్రాసెసర్ కరెంటును 5 వోల్టుల లైను నుంచి తీసుకుంటాయి. ఇప్పటి పవర్ సప్లైలలో బలమంతా 12 వోల్టుల వైపే ఉంటుంది. అందుకే మొత్తం వాట్లు ఎన్ని ఉన్నా, రెండు ప్రాసెసర్లూ ఒకేసారి పనిలో పడగానే 5 వోల్టుల లైను కుంగుతుంది. మెషీన్ ఏ కారణమూ చెప్పకుండా ఆగిపోతుంది. పవర్ సప్లై లేబుల్ మీద 5 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. పని భారం ఉన్నప్పుడు డిస్కు కనెక్టర్ ఎర్ర తీగ దగ్గర మల్టీమీటర్‌తో కొలవండి. 4.75 కంటే కిందికి దిగితే మీ దొంగ దొరికినట్టే. డిస్కులు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కొక్కటి 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, నాలుగూ ఒకేసారి లేస్తాయి. ఆ లైనుకూ కొంత బలం ఉండాలి.

మీది వయా బోర్డు కాబట్టి ఇంకొకటి. 686బి సౌత్‌బ్రిడ్జి (డిస్కు పోర్టుల వంటివి చూసుకునే చిప్) ఉన్న బోర్డుల్లో పీసీఐ మీద పెద్ద బదిలీలు జరిగేటప్పుడు డేటా పాడయ్యే లోపం 2001లో బయటపడింది. దానికి బయాస్ అప్‌డేట్లు వచ్చాయి. లినక్స్ కెర్నల్ కూడా బూట్ అయ్యేటప్పుడు ఆ చిప్‌ను గుర్తుపట్టి రిజిస్టర్లు సరిచేస్తుంది, లాగ్‌లో వయా సౌత్‌బ్రిడ్జి వర్క్‌అరౌండ్ అనే లైను వస్తుంది. ఆ లైను ఉన్నా సరే చివరి బయాస్ వేయండి. వేశాక, మెమరీ కంటే పెద్ద ఫైలు ఒకటి, 4 జీబీ అనుకోండి, డిస్కు మీద పెట్టి దాని షా256 చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్య) పదిసార్లు తీయండి. పదిసార్లూ అక్షరం తేడా లేకుండా ఒకటే రావాలి. ఫైలు మెమరీ కంటే పెద్దది కావాలని ఎందుకన్నానంటే, చిన్నదైతే రెండోసారి నుంచి క్యాష్‌లోంచే వచ్చేస్తుంది, డిస్కు దాకా వెళ్లదు.

కెర్నల్ లాగ్‌లో ఏపీఐసీ (ఇంటరప్ట్‌లను, అంటే పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను, చేరవేసే భాగం) ఎర్రర్ అని అప్పుడప్పుడు లైన్లు పడుతున్నాయేమో కూడా చూడండి. పెంటియం 3లో ప్రాసెసర్లు ఇంటరప్ట్ సందేశాలు పంపుకునేది ఒక విడి సన్నని సీరియల్ బస్ మీద. కరెంటులో ఒడిదుడుకులు పెరిగితే ముందు దెబ్బతినేది అదే. రోజుకు ఒకటీ అరా అయితే హార్డ్‌వేరే మళ్లీ పంపించుకుని సర్దుకుంటుంది. నిమిషానికి పదులు పడుతుంటే కెపాసిటర్ల దగ్గరకో పవర్ సప్లై దగ్గరకో వెనక్కి వెళ్లండి. ఓవర్‌క్లాక్ ఏదైనా చేసి ఉంటే తీసేయండి. ఈ పనికి 133 మెగాహెర్ట్జ్ బస్ 133 దగ్గరే ఉండాలి, ఎందుకంటే దాన్ని పెంచితే పీసీఐ గడియారం కూడా దానితోపాటే పెరుగుతుంది, డిస్కు కార్డులు అది తట్టుకోలేవు.

ఇదంతా అయ్యాక మెషీన్ వారం రోజులు ఆగకుండా నడిస్తే అప్పుడు వేగం గురించి మాట్లాడదాం.

మీ ఏడు గంటల లెక్కలోనే జవాబు ఉంది. 500 జీబీని ఏడు గంటలతో భాగిస్తే ఒక్కో డిస్కుకు సెకనుకు దాదాపు 20 ఎంబీ. రెయిడ్ 5 మొదటి సింక్‌లో మూడు డిస్కుల నుంచి చదివి నాలుగో దాని మీద రాస్తుంది. అంటే నాలుగు డిస్కుల రాకపోకలూ కలిపి 80 ఎంబీ. మామూలు పీసీఐ స్లాట్ 32 బిట్లు, 33 మెగాహెర్ట్జ్. కాగితం మీద దాని సామర్థ్యం 133 ఎంబీ. నిజజీవితంలో 80, 90 వస్తే మంచి బోర్డు అనాలి. మీ డిస్కులు, ప్రాసెసర్లు, కెర్నల్ అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. నాలుగు డిస్కులూ, నెట్‌వర్క్ కార్డూ ఒకే బావిలో చేదలు వేస్తున్నాయి. బోర్డు మీదున్న ఐడీఈ పోర్టులకు మారితే తప్పించుకోవచ్చా అంటే, ఈ చిప్‌సెట్‌లో సౌత్‌బ్రిడ్జి కూడా అదే పీసీఐ మీద కూర్చుని ఉంటుంది. కాబట్టి లాభం లేదు.

ఇప్పుడు నెట్‌వర్క్ మీద నుంచి ఒక ఎంబీ వచ్చిందనుకోండి. నెట్‌వర్క్ కార్డు నుంచి మెమరీకి రావడానికి అది ఒకసారి బస్ దాటుతుంది. చిన్న రాతలకు రెయిడ్ 5 పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (పోయిన డిస్కును తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు ముక్క) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త ప్యారిటీ రాయాలి. అవి నాలుగు దాటింపులు. మొత్తం ఐదు. 80ని ఐదుతో భాగిస్తే 16. మీకు వస్తున్నది 15. ఇందులో వింతేమీ లేదు. మీ అరే ఎక్కువ సమయం ఈ చిన్న రాతల పద్ధతిలోనే పనిచేస్తోందని అర్థం.

అదే రెయిడ్ 10 అయితే ప్రతి రాతకూ రెండు కాపీలు, నెట్‌వర్క్ దాటింపుతో కలిపి మూడు. 80ని మూడుతో భాగిస్తే 26 పైన. చిన్న రాతైనా పెద్ద రాతైనా అదే లెక్క. న్యాయంగా చెప్పాలంటే, పూర్తి స్ట్రైప్ (అన్ని డిస్కుల మీదా పరిచిన ఒక వరస) నిండేంత పెద్ద ఫైళ్లు వరసగా రాస్తే రెయిడ్ 5కు ముందుగా ఏదీ చదవాల్సిన పని ఉండదు. మూడు ముక్కల డేటాకు ఒక ముక్క ప్యారిటీ, అంతే. అప్పుడు దాటింపులు 2.33 మాత్రమే, రెయిడ్ 10 కంటే అదే మెరుగు. మీరు వీడియోలు మాత్రమే దాచుకునేవారైతే రెయిడ్ 5నే ఉంచుకోమనేవాణ్ని. మెయిల్, కంపైల్ అన్నారు. రెండూ చిన్న ఫైళ్ల పండగ. అందుకే మీకు రెయిడ్ 10 చెబుతున్నాను. 1.5 టీబీకి బదులు 1 టీబీయే మిగులుతుంది, ఆ నష్టం నిజమే.

నన్ను రెయిడ్ 10 వైపు ఎక్కువగా లాగేది రాత వేగం కాదు, డిస్కు పోయిన రోజు. రెయిడ్ 5లో కొత్త డిస్కు పెడితే మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి, మళ్లీ ఏడు గంటలు. ఆ ఏడు గంటల్లో ఆ మూడింటిలో ఒక్క చదవలేని సెక్టార్ ఎదురైనా కష్టమే. రెయిడ్ 10లో పోయిన దాని జోడీ ఒక్కదాన్నే చదివి కొత్తదాని మీద రాస్తే సరి. బస్ మీద రెండు డిస్కుల రాకపోకలే కాబట్టి మూడున్నర గంటల్లో అయిపోతుంది. పాత డిస్కులు వాడేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

ప్యారిటీ లెక్కలు వేయడానికి ప్రాసెసర్ చాలదేమోనని కొందరు రెయిడ్ 5కు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడు కెర్నల్ ప్యారిటీ లెక్కించే రకరకాల ఎక్సార్ పద్ధతులను పరుగు పెట్టించి వేగమైనదాన్ని ఎంచుకుంటుంది, లాగ్‌లో ఆ అంకెలు కనిపిస్తాయి. పెంటియం 3కి ఎస్ఎస్ఈ (ఒకేసారి చాలా లెక్కలు చేసే ఆదేశాలు) ఉంది కాబట్టి సెకనుకు కొన్ని వందల నుంచి వెయ్యి ఎంబీ పైన దాకా చూస్తారు. బస్ ఇచ్చేది 80. ఎస్ఎస్ఈ లేని పాత సెలెరాన్ జంటలో కూడా ఎంఎంఎక్స్‌తో ఇది ఇబ్బంది కాదు.

రెండో ప్రాసెసర్ ఖాళీగా ఎందుకుంటోందో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. వీఎంస్టాట్ కమాండ్ నడిపి చివర్లో వెయిట్ నిలువు వరస చూడండి. అది పెద్దగా ఉంటే ప్రాసెసర్లు రెండూ పీసీఐ కోసం ఎదురుచూస్తున్నాయి. ఒక్క పనిని రెండింతలు వేగంగా చేయడానికి రెండో ప్రాసెసర్ పనికిరాదు. ఒకవైపు కంపైల్ జరుగుతుంటే మరోవైపు ఫైలు సర్వర్ తడబడకుండా జవాబివ్వడానికి అది పనికొస్తుంది. మేక్ కమాండ్‌కు ఒకేసారి మూడు పనులు ఇవ్వండి, రెండు ప్రాసెసర్లూ నిండుతాయి, ఒకటి డిస్కు కోసం ఆగినా ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. నెట్‌వర్క్ మీద కాపీలకు ఎస్ఎస్‌హెచ్ వాడుతుంటే ఒక ప్రాసెసర్ మొత్తం ఎన్‌క్రిప్షన్‌కే పోతుంది. ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో ఎన్ఎఫ్ఎస్ గానీ, ఆర్‌సింక్ డీమన్ గానీ వాడండి.

ఇంటరప్ట్‌లు మాత్రం చేత్తో సర్దాల్సిందే. ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే ఏ పరికరం ఏ ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు పిలిచిందో రెండు వరసల్లో కనిపిస్తుంది. మొత్తం మొదటి వరసలోనే పడుతుంటే సాటా కార్డును మొదటి ప్రాసెసర్‌కూ, నెట్‌వర్క్ కార్డును రెండోదానికీ కట్టేయండి. ఆ ఇంటరప్ట్ నంబరు డైరెక్టరీలో ఎస్ఎంపీ అఫినిటీ ఫైలు ఉంటుంది, అందులో 1 రాస్తే మొదటిది, 2 రాస్తే రెండోది. రెండు కార్డులకూ ఒకే నంబరు వచ్చి ఉంటే విడదీయడం కుదరదు. మెషీన్ ఆపి నెట్‌వర్క్ కార్డును ఇంకో స్లాట్‌కు మార్చండి. ఈ బోర్డుల్లో కొన్ని స్లాట్లు ఒకే ఇంటరప్ట్ లైను పంచుకుంటాయి, రెండు మూడు మార్పుల్లో విడి నంబరు దొరుకుతుంది. బయాస్‌లో ఎంపీఎస్ (ఒకటికి మించి ప్రాసెసర్లున్న బోర్డుల ప్రమాణం) వెర్షన్ 1.1, 1.4 అని ఉంటే 1.4 పెట్టండి.

అరే కట్టేటప్పుడు గుర్తుంచుకోవలసినవి కొన్నే. పార్టిషన్లు 1 ఎంబీ సరిహద్దు దగ్గర, అంటే 2048వ సెక్టార్ దగ్గర మొదలవ్వాలి, ముఖ్యంగా డిస్కులు 4 కేబీ సెక్టార్లవైతే. బూట్ కోసం ప్రతి డిస్కు మీదా అర జీబీ, జీబీ పార్టిషన్ విడిగా పెట్టి, నాలుగింటినీ రెయిడ్ 1గా (అన్నిటి మీదా అదే కాపీ) కట్టండి, సూపర్‌బ్లాక్ (అరే వివరాలు రాసుకునే చోటు) 1.0 రకం. ఈ రకంలో సూపర్‌బ్లాక్ పార్టిషన్ చివర ఉంటుంది కాబట్టి ఏ ఒక్క డిస్కునైనా బూట్‌లోడర్ మామూలు ఫైల్‌సిస్టమ్‌లా చదివేయగలదు. గ్రబ్‌ను నాలుగు డిస్కుల మీదా వేయండి. ఒక్కదాని మీదే వేసి, సరిగ్గా ఆ డిస్కే పోయి, డేటా అంతా క్షేమంగా ఉన్నా మెషీన్ లేవక టెన్షన్ పడినవాళ్లను చాలామందిని చూశాను. స్వాప్ కూడా రెయిడ్ మీదే ఉండాలి, లేకపోతే డిస్కు పోయిన క్షణంలో నడుస్తున్న ప్రోగ్రాములు కూలిపోతాయి.

మిగతా స్థలానికి ఎండీఆడ్మ్‌తో (లినక్స్‌లో రెయిడ్ కట్టే టూల్) లెవెల్ 10, నియర్ 2 లేఅవుట్ చాలు. ఫార్ లేఅవుట్ చదవడంలో వేగం ఇస్తుందంటారు, నిజమే, కానీ మీ చదవడాన్ని బస్సే ఆపేస్తోంది కాబట్టి ఆ లాభం మీకు అందదు, రాతల్లో నష్టం మాత్రం మిగులుతుంది. రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ తప్పకుండా పెట్టండి. కరెంటు పోయి వస్తే మొత్తం సింక్ కాకుండా మారిన చోట్లే సరిచూసుకుంటుంది, గంటల పని నిమిషాల్లో ముగుస్తుంది. బిట్‌మ్యాప్ చంక్‌ను 64 ఎంబీ దాకా పెంచితే రాతల మీద దాని భారం దాదాపు తెలియదు.

రెయిడ్ 5తోనే ఉంటానంటే ఒక్క మార్పు మీకు బాగా కనిపిస్తుంది. స్ట్రైప్ క్యాష్ సైజు మామూలుగా 256 ఉంటుంది, దాన్ని 4096 చేయండి. వచ్చిన రాతలను కాసేపు పోగుచేసి పూర్తి స్ట్రైపులుగా రాసే అవకాశం కెర్నల్‌కు దొరుకుతుంది. దీనికి మెమరీ ఎంత పోతుందంటే 4096ను 4 కేబీతో, డిస్కుల సంఖ్యతో గుణించండి, మీకు 64 ఎంబీ. 1 జీబీలో భరించగలిగినదే, అంతకు మించి పెంచకండి. ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ చేసేటప్పుడు స్ట్రైడ్ (ఒక డిస్కు మీది చంక్‌లో ఎన్ని బ్లాకులో), స్ట్రైప్ విడ్త్ (డేటా డిస్కులన్నీ కలిపి ఎన్ని బ్లాకులో) కూడా ఇవ్వండి. 64 కేబీ చంక్, 4 కేబీ బ్లాక్ అయితే స్ట్రైడ్ 16, మూడు డేటా డిస్కులకు విడ్త్ 48.

మామూలు డెస్క్‌టాప్ డిస్కులు వాడేవారంతా చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఇలాంటి డిస్కు ఒక చెడ్డ సెక్టార్‌ను చదవడానికి నిమిషం పైగా పట్టుదలగా ప్రయత్నిస్తుంది. కెర్నల్ 30 సెకన్లే ఆగుతుంది. ఆ తర్వాత లింకును రీసెట్ చేస్తుంది, డిస్కు అప్పటికీ జవాబివ్వకపోతే బాగున్న డిస్కు కూడా అరే నుంచి గెంటేయబడుతుంది. స్మార్ట్‌కంట్రోల్‌తో ఎస్‌సీటీ ఈఆర్‌సీ (చెడ్డ సెక్టార్ మీద డిస్కు ప్రయత్నించే సమయ పరిమితి) విలువను 70కి, అంటే ఏడు సెకన్లకు పెట్టండి. కరెంటు పోతే డిస్కు ఆ విలువ మర్చిపోతుంది, అందుకని ప్రతి బూట్‌లోనూ పెట్టే స్క్రిప్టు రాయండి. మీ డిస్కు ఆ కమాండ్ ఒప్పుకోకపోతే కెర్నల్ వైపు టైమ్‌అవుట్‌ను 180 సెకన్లు చేయండి.

సిస్టమ్ విషయంలో, డెబియన్ 12 వేయండి. 32 బిట్ ప్రాసెసర్లకు ఇన్‌స్టాలర్, కెర్నల్ ఇచ్చిన చివరి డెబియన్ అది. 13లో ఆ రెండూ లేవు, మిగిలిన 32 బిట్ ప్యాకేజీలు కూడా ఎస్ఎస్ఈ2 (ఎస్ఎస్ఈ తర్వాతి తరం) అడుగుతాయి. పెంటియం 3కి అది లేదు, అదే కాలపు ఏఎండీ ప్రాసెసర్ అథ్లాన్ ఎంపీకీ లేదు. ఇప్పటి బ్రౌజర్లూ ఇదే కారణంతో వీటిమీద నడవవు, సర్వర్‌గా వాడుతున్నారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఈ మెషీన్‌ను బయటి ఇంటర్నెట్‌కు మాత్రం తెరవకండి. 1 జీబీ మెమరీ ఉంది కాబట్టి హైమెమ్ (896 ఎంబీ పైనున్న మెమరీని వాడుకునే ఏర్పాటు) ఉన్న కెర్నల్ కావాలి. సొంతంగా కెర్నల్ కట్టి హైమెమ్ తీసేస్తే 896 ఎంబీయే కనిపిస్తుంది.

ముందుముందు వేరే బోర్డు చూసే ఆలోచన ఉంటే ఏఎండీ 760ఎంపీఎక్స్ చిప్‌సెట్ ఉన్న అథ్లాన్ ఎంపీ బోర్డు వెతకండి. అందులో 64 బిట్, 66 మెగాహెర్ట్జ్ పీసీఐ స్లాట్లు ఉంటాయి, కాగితం మీద 533 ఎంబీ. 66 మెగాహెర్ట్జ్ తట్టుకునే 32 బిట్ సాటా కార్డు పెట్టినా 266 దొరుకుతుంది. నెట్‌వర్క్ కార్డును మామూలు స్లాట్‌లో ఉంచండి, ఎందుకంటే ఆ వేగపు స్లాట్లలో ఒక్క 33 మెగాహెర్ట్జ్ కార్డు దూరినా బస్ మొత్తం 33కి దిగిపోతుంది. అథ్లాన్‌కు హీట్‌సింక్ సరిగ్గా కూర్చోకుండా స్విచ్ వేయకండి, క్షణాల్లో కాలిపోతుంది.

అరే కట్టి డేటా పెట్టకముందే దాన్ని చెడగొట్టి చూడండి. కంపైల్ ఒకటి నడుస్తుండగా ఎండీఆడ్మ్‌తో ఒక డిస్కును ఫెయిల్ అని గుర్తుపెట్టి, తీసేసి, తిరిగి కలపండి. బిట్‌మ్యాప్ ఉన్నందువల్ల అది చటుక్కున కలిసిపోతుంది. అసలు సమయం తెలియాలంటే ఆ డిస్కు సూపర్‌బ్లాక్ చెరిపి కొత్తదానిలా కలపండి. తర్వాత మెషీన్ ఆపి ఒక్కో కేబులే తీసి నాలుగుసార్లు బూట్ చేయండి. నాలుగుసార్లూ లాగిన్ దాకా రావాలి. ఒక బూట్ అయ్యాక ఆ డిస్కును తిరిగి కలిపి, సింక్ పూర్తయ్యాకే తర్వాతి కేబుల్ తీయండి. తొందరపడి ఒకే జంటలోని రెండూ తీస్తే అరే పోతుంది.

కొత్తదానిలా కలిపిన డిస్కు నాలుగు గంటల్లోపు పూర్తయితే మీ బస్ ఇవ్వగలిగినంతా ఇస్తోంది. ఆరేడు గంటలకు పోతే ప్రాక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ ఫైల్లో వేగం చూస్తూ కెర్నల్ లాగ్ తెరవండి. సాధారణంగా ఏదో ఒక పోర్టు దగ్గర రీసెట్ లైన్లు వరసగా పడుతుంటాయి. ఆ పోర్టు సాటా కేబుల్ మార్చి మళ్లీ కొలవండి.